ఒకే దొర కింద నలిగినవాళ్ళు

ఐర్లండ్ నుంచి ఆస్ట్రేలియా వెళ్ళినవాళ్ళకీ అక్కడి ఆదివాసులకీ పుట్టుకతోనే ఒక చుట్టరికం ఉందన్న మాట రెండు దేశాల్లోనూ చాలాకాలంగా వినిపిస్తోంది. ఆ మాట ఎందుకు పుట్టిందో తెలుసుకోవడం కష్టం కాదు. ఇద్దరి నేలనూ లాక్కున్నది ఇంగ్లీషు రాజ్యమే. ఇద్దరి భాషలూ బడి గడప దగ్గరే ఆగిపోయాయి. 1845లో మొదలైన బంగాళాదుంప కరువులో ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతమందీ ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఆ ఓడల్లో కొన్ని చేరిన తీరంలో ఆదివాసులు అప్పటికే మశూచికీ తుపాకులకూ బలైపోతున్నారు. ఇవాళ ఆదివాసి నాయకుల్లో, గాయకుల్లో ఐరిష్ ఇంటిపేర్లు కనిపిస్తే, అదిగో రుజువు అంటారు. ఈ మాటలోని ఆప్యాయతను నేను కాదనను. చరిత్రగా మాత్రం అది నిలబడదు. మారుమూల ఆదివాసుల దగ్గరికి వెళ్ళిన ఐరిష్ మనిషి ఇంటి దగ్గర ఎన్ని బాధలు పడి వచ్చాడో ఆ ఆదివాసుల బతుకులో లెక్కలోకి రాలేదు. అతని వెనుక ఏ చట్టం నిలబడి ఉంది, అతని చేతిలో ఏ కాగితం ఉంది అన్నవే వాళ్ళిద్దరి మధ్య ఏది ఇచ్చుకోవచ్చో, ఏది పుచ్చుకోవచ్చో తేల్చాయి.

ఇది మనకు కొత్త సంగతి కాదు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బెసెంట్ థియోసాఫికల్ కాలేజీలో మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ మహిళ టాగూరు దగ్గర కూర్చుని జనగణమనకు స్వరాలు రాసుకుంది. రెండు నెలలు తిరక్కుండా అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. ఆ కాల్పులను సమర్థించిన పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్ ఐర్లండ్‌లోని టిప్పరెరీ కౌంటీవాడు. అదే టిప్పరెరీలో పుట్టిన మరో డ్వయర్ ఆడపడుచు, డైసీ బేట్స్, సరిగ్గా ఆ ఏడే దక్షిణ ఆస్ట్రేలియా ఎడారి అంచున ఊల్‌డియా అనే రైల్వే మజిలీ దగ్గర ఆదివాసుల మధ్య గుడారం వేసుకుంది. ఒకే ద్వీపం, ఒకే ఏడు, మూడు వేర్వేరు నడతలు. వలసపాలనలో నలిగిన దేశంలో పుట్టడమే మనిషి నడతను నిర్ణయించేదైతే ఈ ముగ్గురినీ ఒక గాటన కట్టగలిగి ఉండాలి. మనం కట్టలేం. ఓడ్వయర్‌ను మదనపల్లె పాటతో కలిపి చూడమంటే ఏ తెలుగువాడూ ఒప్పుకోడు. ఆస్ట్రేలియా ఆదివాసుల విషయంలోనూ అంతే పట్టుదలగా ఉండాలని నా వాదన.

అందరిలోకీ మంచివాడితో మొదలుపెడతాను, ఎందుకంటే వాదం నిలుస్తుందో లేదో అక్కడే తేలాలి. మాథ్యూ గిబ్నీ ఐర్లండ్‌లోని కావన్ కౌంటీలో పుట్టిన కాథలిక్ ప్రీస్ట్. 1880 జూన్‌లో విక్టోరియాలోని గ్లెన్‌రోవన్‌లో పోలీసులు నెడ్ కెల్లీ అనే బందిపోటు ముఠాను చుట్టుముట్టినప్పుడు ఆయన ఆ దారిన రైల్లో వెళుతూ దిగిపోయాడు. గాయపడిన కెల్లీకి, చావుకు దగ్గరైనవాళ్ళకు ఇచ్చే కాథలిక్ సంస్కారాలు ఇచ్చాడు. ఆ తర్వాత, పోలీసులు నిప్పుపెట్టిన సత్రంలోకి, ఎవరూ అడుగుపెట్టడానికి సాహసించని మంటల్లోకి, ఇంకెవరైనా బతికి ఉన్నారేమోనని వెళ్ళాడు. తర్వాత పెర్త్ బిషప్ అయి, పశ్చిమ ఆస్ట్రేలియాలో వలసదారులు ఆదివాసులను కొడుతున్న, చంపుతున్న తీరును బహిరంగంగా ఖండించాడు. అందుకు తెల్ల కామందులకు కంటగింపయ్యాడు. 1890లో ఫ్రాన్స్ నుంచి ట్రాపిస్టు సన్యాసులను వెంటబెట్టుకుని ఉత్తరాన కింబర్లీ తీరంలో, న్యూల్‌న్యూల్ ప్రజల నేలలో, బీగిల్ బే మిషన్‌కు చోటు చూపించింది కూడా ఆయనే.

పదేళ్ళకు ట్రాపిస్టులు వెళ్ళిపోతున్నారు. ప్రభుత్వం ఇస్తానన్న పదివేల ఎకరాల పట్టా దక్కాలంటే ఆ నేల మీద ఇంత విలువైన అభివృద్ధి జరిగిందని అధికారులకు చూపించాలి. 1900లో గిబ్నీ మళ్ళీ అక్కడికి వెళ్ళాడు. ఆయన వెంట డైసీ బేట్స్ కూడా ఉంది. పాడుబడ్డ కట్టడాలు నిలబెట్టారు, బావులు బాగుచేశారు, తోటలకు ప్రాణం పోశారు, నేల కొలిచారు. సన్యాసులతో పాటు ఆ పని చేసినవాళ్ళు న్యూల్‌న్యూల్ ఆడామగా. పట్టా వచ్చింది, చర్చి పేరు మీద. ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయంగానే వస్తుంది: ఆ కాగితం లేకపోతే ఆ నేలను పశువుల కామందులో ముత్యాల వర్తకులో మింగేసేవారు కదా, గిబ్నీ కాపాడాడు కదా? కాపాడాడు. ఆ మిషన్ సరిహద్దు లోపల న్యూల్‌న్యూల్ ప్రజలు బతికి బట్టకట్టారన్నది నిజం. అయితే కాపాడిన పద్ధతిని చూడండి. ఐర్లండ్‌లో కౌలురైతు బాగుచేసిన పొలం మీద హక్కు భూస్వామిదే అవడం గిబ్నీ పుట్టిపెరిగిన కాలపు పెద్ద అన్యాయం. దాని మీద ఆయన తరంవాళ్ళు ఉద్యమమే నడిపారు. ఆ అన్యాయం ఎరిగిన మనిషి చేతి మీదుగా, తరతరాలుగా ఆ నేల మీద ఉన్నవాళ్ళ చెమట ఇంకొకరి పట్టాలో అభివృద్ధి కింద జమ అయింది. ఆయన మనసులో దురాశ లేదు. ఆయనకు అందుబాటులో ఉన్న చట్టంలో ఆదివాసి పేరు రాయడానికి గడే లేదు. ఎంత మంచివాడైనా ఆ చట్టం గుండానే పని చేయాల్సి వచ్చింది, చేశాడు.

గిబ్నీ ఆహ్వానం మీదే 1895లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ నుంచి సెయింట్ జాన్ ఆఫ్ గాడ్ సిస్టర్లు పెర్త్‌కు వచ్చారు. బంగారు గనుల కోసం జనం ఎగబడిన రోజుల్లో టైఫాయిడ్ రోగులకు సేవ చేశారు. 1907లో వాళ్ళలో తొమ్మిది మంది, మదర్ ఆంటోనియో ఓబ్రయెన్ వెంట, బీగిల్ బే చేరారు. అప్పటికి అక్కడ జర్మన్ పల్లోటైన్ సన్యాసులు ఉన్నారు. 1918లో పూర్తయిన అక్కడి చర్చిని ఇప్పటికీ చూడవచ్చు. ఇటుక అక్కడే కాల్చారు, సున్నం సముద్రపు గవ్వల నుంచి తీశారు, బలిపీఠం నిండా ముత్యపు చిప్పలు తాపడం చేశారు. జర్మన్ ప్రణాళిక, ఆదివాసుల కష్టం, వాళ్ళ సముద్రం ఇచ్చిన చిప్పలు, ఆ పీఠం ముందు ఐరిష్ సిస్టర్లు నేర్పిన పాటలు. సాంస్కృతిక వినిమయం అంటే ఇదే అని చూపించాలనుకునేవాళ్ళు ఈ చర్చి ఫొటోనే చూపిస్తారు. అది అందమైనదే. కానీ ఆ పాటలు నేర్చుకున్న పిల్లలు అక్కడికి ఎలా వచ్చారన్నది ఫొటోలో కనిపించదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905లో వచ్చిన చట్టం పదహారేళ్ళలోపు ప్రతి ఆదివాసి బిడ్డకూ చీఫ్ ప్రొటెక్టర్ అనే ప్రభుత్వాధికారినే సంరక్షకుడిగా చేసింది. కన్నతల్లికి ఆ హక్కు లేదు. తండ్రి తెల్లవాడో ఆసియావాడో అయిన పిల్లలను పోలీసులు గుర్రాల మీద వచ్చి తీసుకుపోయేవారు. అలా తీసుకుపోయిన పిల్లల్లో ఎందరినో చేర్చిన చోట్లలో బీగిల్ బే ఒకటి.

సిస్టర్లు ఆ చట్టం చేయలేదు, పిల్లలను ఎత్తుకురాలేదు, వచ్చిన బిడ్డకు అన్నం పెట్టారు, జ్వరం వస్తే పక్కన కూర్చున్నారు, వాళ్ళను ఎందుకు దోషులను చేస్తారు అని అడగవచ్చు. దోషం పంచడం నా ఉద్దేశం కాదు. ఆ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక సిస్టర్లను తల్లుల్లా తలచుకున్నారు, కొందరు ఆ పడకగదుల తాళాలను తలచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. రెండూ నిజమే, ఒకదానితో ఒకటి చెల్లుకు చెల్లు కావు. నేను అనేది ఇంతే: తల్లి దగ్గర నుంచి తెచ్చిన బిడ్డకు ఎంత ప్రేమతో నేర్పినా ఆ పాఠాన్ని వినిమయం అనలేం. వినిమయంలో రెండో మనిషికి వద్దు అనే వీలుండాలి. ఆ బిడ్డకు లేదు, ఆ తల్లికి అసలే లేదు.

అయినా, వద్దు అనే వీలు లేని చోట కూడా మనుషులు తమకు కావలసినది తీసుకుంటారు. దానికి బుంగరున్ కన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు. కింబర్లీలో డెర్బీ ఊరి బయట 1936లో ప్రభుత్వం తెరిచిన కుష్ఠు ఆశ్రమం అది. మరుసటి ఏటి నుంచి సెయింట్ జాన్ ఆఫ్ గాడ్ సిస్టర్లే దాన్ని నడిపారు. కింబర్లీ అంతటా అనుమానం ఉన్న ఆదివాసులను పోలీసులు వెతికి పట్టుకొచ్చేవారు. 1941లో ఇరవయ్యో అక్షాంశం దాటి దక్షిణానికి ఆదివాసులెవరూ రాకూడదని గీత గీశారు. రోగం ఉన్నా లేకున్నా ఆ గీత వాళ్ళందరికీ వర్తించింది, 1963 దాకా ఉంది. ఆశ్రమంలో పుట్టిన బిడ్డలను తల్లుల నుంచి వేరుచేసేవారు. మందంటే తొలినాళ్ళలో మన తూర్పు అడవుల చెట్టు నుంచి తీసే చాల్మోగ్రా నూనే, సూదితో ఎక్కిస్తే భరించరాని నొప్పి. నయం చేసే మందులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వచ్చాయి. కుష్ఠు నరాలను తినేస్తుంది, స్పర్శ పోతుంది, వేళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి. వాటిని రోజూ కదిలిస్తూ ఉంటే ఆ ముడుచుకోవడం ఆలస్యమవుతుంది. ఇది గ్రహించిన మదర్ ఆల్ఫోన్సస్ డేలీ రోగుల చేతికి వయొలిన్లు ఇచ్చింది.

వయొలిన్ మీద ఎడమచేతి నాలుగు వేళ్ళూ విడివిడిగా లేవాలి, దిగాలి, తీగ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. తీగ వేలికి తగిలిందో లేదో వేలికే తెలియని మనిషి ఆ పని చెవితో చేయాలి. వాళ్ళు చేశారు. వయొలిన్లకు బాంజోలు, బాకాలు తోడై, ఆ ఆశ్రమంలో ఒక ఆర్కెస్ట్రా తయారైంది. యూరప్ శాస్త్రీయ సంగీతమూ చర్చి కీర్తనలూ వాయించింది, దశాబ్దాల పాటు నిలిచింది. ఆ బృందం ఫొటోలు దొరుకుతాయి: ఉతికిన తెల్లచొక్కాలు, గడ్డం కింద వయొలిన్, కెమెరా వైపు సూటిగా చూస్తున్న కళ్ళు. దీన్ని సిస్టర్ల దయకు గుర్తుగా రాసేవాళ్ళు ఉన్నారు, ఖైదీల చేత వాయించిన తెల్లవాళ్ళ సంగీతంగా తోసిపుచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండు తీర్పుల్లోనూ వాయించినవాళ్ళు కనిపించరు. కింబర్లీ నలుమూలల నుంచి తెచ్చి పడేసిన, ఒకరి భాష ఒకరికి రాని జనం వాళ్ళు. సొంత ఆటపాటలు కూడా ఆ ఆశ్రమంలో మానలేదు. వయొలిన్ సంగీతం వాటి పక్కన వచ్చి చేరింది, వాటి స్థానాన్ని ఆక్రమించలేదు. మదర్ ఆల్ఫోన్సస్ వ్యాయామం ఇచ్చింది, దాన్ని సంగీతంగా మార్చుకున్నది వాళ్ళు. అలా మార్చుకున్న ఘనత వాళ్ళ పేరు మీదే రాయాలి. ఆశ్రమం 1986లో మూతపడింది. పక్కనే ఉన్న శ్మశానం పెద్దది.

డైసీ బేట్స్ దగ్గరికి మళ్ళీ వస్తాను. టిప్పరెరీలో రోస్‌క్రే అనే ఊళ్ళో పేద కాథలిక్ ఇంట్లో పుట్టి, ఆస్ట్రేలియా చేరాక ఆ పుట్టుకను దాచేసి, గొప్పింటి ప్రొటెస్టెంట్ ఆడబిడ్డనని చెప్పుకుంది. ఐరిష్ బాధల జ్ఞాపకం ఆదివాసుల దగ్గరికి చేర్చిందన్న సిద్ధాంతానికి ఆమె ఒక్కతే చాలు దెబ్బ, ఆ జ్ఞాపకాన్ని మొదట తుడిచేసుకున్నాకే ఆమె వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. 1919 నుంచి 1935 దాకా ఊల్‌డియాలో గుడారమే ఇల్లు. ఎండ ఎంతగా మండినా ఎత్తు కాలరు జాకెట్టు, నేలదాకా పావడా, చేతికి తొడుగులు, ముఖాన వల. వచ్చినవాళ్ళకు పిండి, టీ, మందులు ఇచ్చేది. వాళ్ళు ఆమెను కబ్బర్లి అన్నారు, అంటే అమ్మమ్మ. ప్రతిగా ఆమె తీసుకున్నది మాటలు: పదజాలాలు, బంధుత్వాల పట్టికలు, ఎవరి నీటిగుంట ఏది, ఎవరి కథ ఏది అన్న వివరాలు, వేల కాగితాల్లో. ఆ ఊల్‌డియాలో అసలు జనం ఎందుకు చేరారో కూడా చెప్పాలి. ఇసుక కింద ఎన్నటికీ ఎండని నీటి ఊట ఉండేది, ఎన్నో తెగలు కలుసుకునే చోటు అది. ఆవిరి ఇంజన్ల కోసం రైల్వే అక్కడ బోర్లు వేసి నీళ్ళు తోడి, 1926కల్లా ఆ ఊటను పాడుచేసింది. నీళ్ళు పోయాయి, రైలు వెంట పిండి వచ్చింది. అమ్మమ్మ గుడారం ముందు వరుసకు కారణం అది.

ఆమె 1938లో అచ్చువేసిన పుస్తకం ఆదివాసులు అంతరించిపోతున్న జాతి అని తీర్మానించింది, నరమాంసం గురించి నమ్మదగని మాటలు రాసింది, మిశ్రమ సంతానం పట్ల కఠినంగా మాట్లాడింది. వాళ్ళు అంతరించలేదు. ఆదివాసులకు తమ నేల మీద మూలహక్కు ఉందని ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో ఒప్పుకున్న మాబో తీర్పు తర్వాత భూమి హక్కుల కేసులు కోర్టులకు వచ్చినప్పుడు, ఫలానా నేల మా ముత్తాతలదని నిరూపించుకోవడానికి వాళ్ళ వారసులు తెచ్చిన సాక్ష్యాల్లో డైసీ బేట్స్ రాసిన వంశవృక్షాలూ పదజాలాలూ ఉన్నాయి. మరచిపోయిన మాటలను తిరిగి నేర్చుకునేవాళ్ళూ ఆ కాగితాలే తిరగేస్తున్నారు. అయితే చివరికి మేలే జరిగిందనవచ్చా? అనకూడదు. ఆ కాగితాల్లోని జ్ఞానం చెప్పినవాళ్ళది. పోతున్నవాళ్ళ గుర్తుగా దాచుదామని ఆమె రాసుకున్నదాన్ని, ఉన్నవాళ్ళు తమ హక్కుగా వెనక్కి తీసుకున్నారు.

పశువులతో వచ్చిన ఐరిష్ వాళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1853లో ఐర్లండ్ విడిచిన డురాక్ కుటుంబం 1883 నుంచి 1885 దాకా క్వీన్స్‌లాండ్ నుంచి వేల పశువులను తోలుకుంటూ కింబర్లీ చేరి, ఆర్డ్ నది ఒడ్డున ఆర్గైల్ డౌన్స్ అనే పశువుల క్షేత్రం స్థాపించింది. తిండిలేక, అద్దె కట్టలేక నేల విడిచిన కుటుంబం ఒక్క తరంలో ఇంకొకరి నేలకు ఆసామి అయింది. ప్యాట్సీ డురాక్ వెంట జీవితాంతం నడిచిన పంప్‌కిన్ అనే ఆదివాసి స్నేహాన్ని ఆ ఇంటి కథలు ప్రేమగా చెబుతాయి, ఆ ప్రేమను శంకించడానికి నాకు కారణం లేదు. కానీ పశువులు వచ్చాక నీటిగుంటలు ఆదివాసులకు దక్కలేదు. ఒక తెల్లవాడికి ఈటె తగిలితే దానికి బదులు తీర్చుకోవడంలో లెక్కే ఉండేది కాదు. ఆ ఇంటి ఆడపడుచు, చిత్రకారిణి ఎలిజబెత్ డురాక్, 1990లలో ఎడ్డీ బరప్ అనే లేని ఆదివాసి పేరు పెట్టుకుని బొమ్మలు వేసింది. 1997లో ఆ సంగతి బయటపడింది. నేల తర్వాత పేరు కూడా తీసుకున్నారని ఆదివాసి కళాకారులు నొచ్చుకున్నారు. వాళ్ళ నొప్పి న్యాయమైనదే.

ఇక నా వాదానికి ఎదురుగా నిలిచే గట్టి సాక్ష్యం కుటుంబాలు. పట్టా లేక, పదవి లేక, గొర్రెల కత్తిరింపుకో కంచె పనికో తిరిగిన ఐరిష్ మగవాళ్ళు ఆదివాసి స్త్రీలతో కాపురాలు చేశారు, పిల్లలను తమ పేరుతో పెంచారు. చరిత్రకారిణి ఆన్ మెక్‌గ్రాత్ ఈ కుటుంబాల గురించే పరిశోధించారు. ఇది పుట్టుకతో వచ్చిన చుట్టరికమే కదా అంటారు. ఆ సీమలో బలవంతాలే ఎక్కువ జరిగాయి, కాబట్టి ప్రతి సంబంధాన్నీ ప్రేమ అనుకోకూడదు. ప్రేమగా నిలిచినవి కూడా నా మాటనే బలపరుస్తాయి. చేతిలో అధికారం లేనివాడు మాత్రమే సమానంగా కూర్చోగలిగాడు, కూర్చున్నందుకు చట్టం అతన్నీ శిక్షించింది. ఐరిష్ మూలాల జాన్ డాడ్సన్ యావురు అనే ఆదివాసి తెగ స్త్రీతో కలిసి బతికినందుకు నేటివ్ అడ్మినిస్ట్రేషన్ చట్టం కింద జైలుకెళ్ళాడు. వాళ్ళ కొడుకుల్లో ప్యాట్ డాడ్సన్ 1975లో ఆస్ట్రేలియాలో తొలి ఆదివాసి కాథలిక్ ప్రీస్ట్ అయి, తర్వాత ఆ కొలువు వదిలి, ఆదివాసుల హక్కుల ఉద్యమానికి పెద్దదిక్కయ్యాడు. మిక్ డాడ్సన్ పిల్లల అపహరణ మీద 1997లో వచ్చిన ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ నివేదికకు మూలమైన విచారణను నడిపిన ఇద్దరిలో ఒకడు. గాయకుడు కెవ్ కార్మోడీ తండ్రి ఐరిష్ వంశంవాడు, తల్లి ఆదివాసి. పదేళ్ళ వయసులో కెవ్‌ను వాళ్ళ దగ్గర నుంచి తీసుకుపోయారు. ఐరిష్ తండ్రి ఉన్నాడని చట్టం ఆ ఇళ్ళ మీద జాలి చూపలేదు.

నెడ్ కెల్లీని వేటాడటానికి 1879లో క్వీన్స్‌లాండ్ నుంచి ఆరుగురు ఆదివాసి జాడగాళ్ళను రప్పించారు. వాళ్ళ పై అధికారి పేరు స్టాన్‌హోప్ ఓకానర్. టిప్పరెరీ ఖైదీ కొడుకైన కెల్లీ మీద ఐరిష్ పేరున్న పోలీసు, ఆయన కింద ఆదివాసులు: జాతుల చుట్టరికం కోసం వెతికేవాళ్ళకు అక్కడ ఏమీ దొరకదు. కెల్లీ అందరికన్నా ఎక్కువ భయపడింది ఈ జాడగాళ్ళకే. ముఠా తలల మీద ప్రకటించిన 8,000 పౌండ్ల బహుమానంలో జాడగాళ్ళకు తలా యాభై కేటాయించారు, ఆ డబ్బు మాత్రం ప్రభుత్వమే తన దగ్గర ఉంచుకుంది. ఇంత జరిగిన నూరేళ్ళకు, గ్లెన్‌రోవన్‌కు వేల కిలోమీటర్ల దూరంలో, నార్తర్న్ టెరిటరీలోని యారలిన్ అనే ఆదివాసి ఊళ్ళో డెబరా బర్డ్ రోజ్ అనే మానవశాస్త్రజ్ఞురాలు నెడ్ కెల్లీ కథలు విన్నది. కెల్లీ జన్మలో అటు వెళ్ళలేదు. ఆ కథల్లో మాత్రం వెళ్ళాడు, జనంతో కూర్చున్నాడు, టీ కాచి రొట్టె కాల్చి అందరికీ పెట్టాడు, పోలీసులతో తలపడ్డాడు. నేలను దోచిన అన్యాయపు చట్టానికి అదే ప్రజలు పెట్టిన పేరు కెప్టెన్ కుక్, ఇంగ్లీషు నావికుడి పేరు. అతనికి ఎదురుగా నిలబడిన మంచి తెల్లవాడు కెల్లీ.

ఈ కథలను చరిత్ర తెలియని జనం చేసిన పొరపాటని కొట్టిపారేయడం పెద్ద తప్పు. వలసవచ్చినవాళ్ళను ఏ కొలతతో కొలవాలో యారలిన్ పెద్దలు ఎంతో ఆలోచించి చెప్పిన తీర్పు అది. వాళ్ళు కెల్లీ పుట్టుకను అడగలేదు, అతని దేశపు కరువును అడగలేదు. తిండి పంచాడా, పోలీసు వెనక నిలబడ్డాడా ముందు నిలబడ్డాడా అన్నవి రెండే చూశారు. ఐర్లండ్ అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి హిగ్గిన్స్ 2017లో ఆస్ట్రేలియా పర్యటనలో, ఆదివాసులకు జరిగిన అన్యాయంలో కొందరు ఐరిష్ వాళ్ళకూ చేయి ఉందని బాహాటంగా ఒప్పుకున్నాడు. దేశాధినేత నోట ఆ మాట రావడం మంచిదైంది. ఐర్లండ్‌కు అది ఒప్పుకోలు. యారలిన్‌లో మాత్రం ఎవరు ఎటువైపు నిలబడ్డారో అప్పటికే లెక్క తేలిపోయి ఉంది.